వంటసోడా వేయని కేకు

శుక్రవారం పదకొండున్నరకు ఫ్యామిలీ కోర్టు మెట్లు దిగుతున్న గ్రాములమ్మ భుజాన ఒక గుడ్డసంచి, ఆ సంచిలో ఒక వంటింటి కాటా ఉన్నాయి. పదకొండేళ్ళ కాపురం అరగంట కిందటే చట్టప్రకారం ముగిసింది.

కాటా సంగతేమిటంటే, మొగుడూ పెళ్ళాం వేరుగా ఉండటం మొదలై ఏడాది దాటినా ఆమె సామాన్లు కొన్ని అతని ఇంట్లోనే ఉండిపోయాయి. ముందురోజు సాయంత్రం ఆమె అతనికి ఫోనులో రెండు ముక్కలు రాసింది: "రేపు వచ్చేటప్పుడు నా కాటా తెస్తావా? మధ్యాహ్నం కేకు చేయాలి." పక్కనే కూర్చున్న అక్క అది చూసి నోరు వెళ్ళబెట్టింది. "విడాకులకు వెళ్తూ మొగుణ్ణి కాటా అడిగేదాన్ని నిన్నే చూశానే!" అంది. అతను మాత్రం తెచ్చాడు. పళ్ళెం తుడిచి, బ్యాటరీలు ఊడదీసి కాగితంలో చుట్టి మరీ తెచ్చాడు. అతనిది లిఫ్టులు బాగుచేసే పని. ఏ వస్తువైనా పనిచేస్తోందో లేదో చూడందే ఇంకొకరి చేతికివ్వడు.

మనిషి చెడ్డవాడు కాదు. ఆమె కూడా చెడ్డది కాదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాటలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, గ్యాసు ఎప్పుడు అయిపోయింది, తాళంచెవి ఎక్కడ పెట్టావు అన్న దగ్గర ఆగిపోయాయి. ఆఖర్న అవి కూడా చీటీల మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్నారు.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "ఎవరి బలవంతమూ లేదు కదా?" అని రెండుసార్లు అడిగారు. "లేదండి" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఇద్దరి నోటా ఒకే మాట ఒకే క్షణంలో వచ్చి ఎన్నాళ్ళయిందో. జడ్జిగారు అప్పటికే పేజీ తిప్పేశారు.

మెట్ల దగ్గర అతను, "ఎలా వెళ్తావు? దింపనా?" అన్నాడు.

"బస్సుంది."

"సరే మరి."

"సరే."

అతను బండి తీసుకుని వెళ్ళిపోయాడు. గ్రాములమ్మ బస్‌స్టాపులో నిలబడి, ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. బస్సొచ్చింది. ఎక్కి కూర్చుంది.

ఆమె అసలు పేరు బడి హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. హైస్కూల్లో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు. పదహారేళ్ళుగా పొడులు తూచి, ద్రావణాలు కలిపి, సీసాలకు చీటీలు అంటించీ అంటించీ, "చిటికెడు", "తగినంత" అన్న మాటలు వింటేనే ఒళ్ళు మండే స్థితికి వచ్చింది. "రుచి మరిగినవాళ్ళం" అని ఫోనులో ఒక గ్రూపుంది. వండటం, ఫొటో తీయటం, తినటం తప్ప వేరే ధ్యాస లేని అరవై మంది. అందులో చేరిన మొదటి రోజున ఆమె టమాటా సూపు చేసే విధానం రాస్తూ "ఉప్పు: ఆరున్నర గ్రాములు" అని పెట్టింది. సాయంత్రానికల్లా గ్రాములమ్మ అయిపోయింది. ఇప్పుడు అక్క కూడా అలాగే పిలుస్తుంది.

ఎక్స్‌రే బాబాయి గారు ఆ గ్రూపులోనే పరిచయం. ఒక పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు ఎక్స్‌రేలు తీసి రిటైరయ్యారు. రిటైరైన నెలకే కెమెరా కొనుక్కుని, ఎముకలు తీసిన చేత్తో రొట్టెల్నీ కేకుల్నీ తీయడం మొదలుపెట్టారు. ఒక నారింజ తొనను అద్దానికి ఆనించి, వెనకనుంచి వెలుతురు పడేట్టు తీస్తే లోపలి గింజలు లెక్కపెట్టేలా కనిపించాయి. ఆ పేరు అలా వచ్చింది. రెండేళ్ళుగా నెలకోసారి గ్రాములమ్మ ఆయనింటికి వెళ్ళి వండుతుంది, ఆయన ఫొటోలు తీస్తారు, ఆయన భార్య తిని తప్పులు చెబుతుంది. ఈ నెల గ్రూపువాళ్ళు పెట్టిన పోటీ, మసాలా దినుసులు వేసిన చాక్లెట్ కేకు. "శుక్రవారం నాకు ఎలాగూ సెలవే బాబాయి గారూ, వస్తాను," అని చెప్పింది గ్రాములమ్మ. సెలవు ఎందుకో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

తలుపు తీసింది పిన్ని. చేతిలో పెన్సిలు, మడిచిన పేపరు. గళ్ళనుడి పూర్తిచేయందే ఆవిడకు పొద్దుగడవదు. గడప దాటిన ప్రతివాళ్ళూ ఒక గడి నింపాల్సిందే.

"నీళ్ళ మీద నడిచేది, మూడక్షరాలు, చివర 'వ'."

"పడవ," అంది గ్రాములమ్మ చెప్పులు విప్పుతూ.

"చూశారా! పొద్దుట్నుంచి చేప, చేప అని నా ప్రాణం తీశారు ఈయన. చేప రెండక్షరాలండీ మహానుభావా!" అని లోపలికి కేకేసి, పిన్ని ఆమె మొహం వైపు చూసింది. "ఎండనపడి వచ్చావా? మొహం అలా ఉందేం?"

"ఎలా ఉంది?"

"ఏమో, ఇస్త్రీ చేసినట్టుంది," అని పిన్ని మళ్ళీ పేపర్లో పడిపోయింది.

ఆ ఇంట్లో వెనక గది పడమటి వైపుకి ఉంటుంది. రెండింటి నుంచి నాలుగింటి దాకా కిటికీలోంచి వచ్చే వెలుతురంటే బాబాయి గారికి ప్రాణం. కిటికీ పక్కన పాత చెక్కబల్ల, దానికి ఎదురుగా వెలుతురు తిప్పికొట్టడానికి తెల్ల థర్మకోల్ అట్ట, వెనక నల్లటి దుప్పటి. ఆయన అప్పటికే అన్నీ అమర్చుకుని, పెళ్ళికూతురి తండ్రిలా హడావుడి పడుతున్నారు.

"రా అమ్మా రా. ముందు దినుసులన్నీ వరసగా పెట్టి ఒక ఫొటో. తర్వాత కలుపుదూ గాని."

గ్రాములమ్మ కాటాలో బ్యాటరీలు వేసింది. సున్నా చూపించింది. తూచటం మొదలుపెట్టింది. మైదా నూట ఎనభై. కోకో అరవై. పంచదార రెండు వందలు. వెన్న నూట ఇరవై. దాల్చినచెక్క పొడి నాలుగు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి, ఎండుమిరప పొడి ఒకటి, లవంగాలు ఆరు దంచి. వంటసోడా ఐదు. మైదా, పంచదార, వెన్న వంటింట్లో ఉంచి, మిగతా ఒక్కో దినుసూ ఒక్కో చిన్న గిన్నెలో పోసి బల్లమీద పెట్టింది. వేళ్ళు వాటంతటవే పనిచేస్తున్నాయి. తనెక్కడో వెనక వరసలో కూర్చుని ఎవరో వంట చేస్తుంటే చూస్తున్నట్టుంది. బాధగా లేదు. హాయిగానూ లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఉందో లేదో తెలియక వేలితో తడుముకుంటారే, అలా మధ్యమధ్య లోపల తడుముకుని చూసుకుంటోంది. ఏమీ తగలటం లేదు.

"ఆ తెల్ల పొడి తెల్ల గిన్నెలో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఫొటో పాడవుతుంది," అని బాబాయి గారు సోడా గిన్నె తీసి కిటికీ చట్రం మీద పెట్టారు. "నల్లవీ ఎర్రవీ చాలు."

ఆయన కెమెరా ఎత్తి ఒకటి తీశారు. చూసుకున్నారు. ఇంకొకటి తీశారు. అలా ఏడెనిమిది తీశారు. మామూలుగా అయితే రెండోదానికే "అదీ!" అంటారు. ఈరోజు ఒక్కసారి కూడా అనలేదు.

"ఈ లెన్సుకి ఏదో రోగమొచ్చింది," అన్నారు. "షార్ప్‌గా రావటంలేదు. సర్లే, కేకు తీద్దాం. ఇవి ఎవడు చూస్తాడు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి వెన్నా పంచదారా గిలకొట్టింది. రెండు గుడ్లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి పోసింది. వేడి కాఫీలో కోకో, మసాలాలు వేసి కలిపితే గుప్పుమని ఘాటు లేచింది. పిన్ని ముందుగదిలోంచి తుమ్మింది. మైదా జల్లించింది, కలిపింది, ఎనిమిదంగుళాల గిన్నెకు వెన్న రాసి అందులో పోసింది. ఓవెన్ నూట డెబ్బై. నలభై నిమిషాలు.

కేకు ఉడుకుతుంటే ఇల్లంతా దాల్చినచెక్క వాసన, దాని కింద నెమ్మదిగా చాక్లెట్ వాసన పరుచుకున్నాయి. బాబాయి గారు వంటింటి గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకుని పీల్చారు.

"ఎలా ఉందమ్మా?"

"సరిగ్గానే ఉందండి."

"సరిగ్గా ఉండటం వేరు, బావుండటం వేరు."

ఆమె ఓవెన్ అద్దంలోంచి కేకును చూస్తూ నిలబడింది. ఉబ్బటం లేదని కంటికి కనిపిస్తోంది. కోకో రంగు కూడా రావలసినంత నల్లగా రాలేదు, ఎర్రమట్టిలా ఉంది. కళ్ళు చూశాయి గాని ఆ కబురు తలకు చేరలేదు. ఇంకోరోజైతే అర నిమిషంలో పట్టేసేది. ప్రతి ఏడూ ఆరో తరగతి పిల్లలకు సోడా మీద వెనిగర్ పోసి, నురగ పొంగిస్తూ, "ఇదే మీ కేకుని లేపేది" అని చూపించేది తనే.

కేకు బయటికి తీసి, చల్లార్చి, వెనక గదిలో నల్ల దుప్పటి ముందు పెట్టారు. రెండు వేళ్ళ ఎత్తు కూడా లేదు. బాబాయి గారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గెడ్డం గోక్కున్నారు.

"మనిషి కాస్త పొట్టిగా ఉన్నాడు. పరవాలేదు. పొట్టివాళ్ళని పక్కనుంచి తీయకూడదు, పైనుంచి తీయాలి."

కెమెరా ఎత్తారు. దించారు. మళ్ళీ ఎత్తారు. ఆ తర్వాత దాన్ని ఆమె చేతికిచ్చేశారు.

"నువ్వు తియ్యి. నేను థర్మకోల్ పట్టుకుంటా."

"నాకు రాదు కదండీ."

"రాకపోవడమేముంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించు. ఊపిరి పీల్చు. బిగబట్టు. నొక్కు. వదులు. ముప్పై నాలుగేళ్ళు జనానికి ఇదే చెప్పా."

ఆమె మోచేతులు ఆనించి ఆ చిన్న కంతలోంచి చూసింది. మధ్యలో కేకు. పైన పలుచగా చల్లిన కోకో. ఒక పక్క వెలుతురు, ఒక పక్క నీడ. ఎడమ మూలన, కిటికీ చట్రం మీద ఒక తెల్ల గిన్నె.

"ఆ గిన్నె అడ్డొస్తోంది, తీస్తారా," అంది.

అని, కెమెరా కంటి దగ్గరే ఉంచి, ఇంకాసేపు దాన్నే చూసింది.

"అది సోడా," అంది. "ఐదు గ్రాములు. వెయ్యలేదు."

బాబాయి గారు గిన్నె అందుకుని వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నారు. మొహం చిట్లించారు. "సోడానే! పాపం నాదేనమ్మా, నేనే కదా పక్కన పెట్టింది. అయినా గ్రాములమ్మ సోడా మర్చిపోవడమా! గ్రూపులో చెబితే సంతాపసభ పెడతారు."

నవ్వాల్సిన చోట ఆమె నవ్వలేదు. కెమెరా కిందికి దించి, రేపటి బడి టైమ్‌టేబుల్ చదువుతున్నట్టు చెప్పింది:

"ఇవాళ పొద్దున విడాకులు అయిపోయాయి బాబాయి గారూ. కోర్టు నుంచి ఇటే వచ్చాను."

ఆయన అయ్యో అనలేదు. ఎందుకు, ఏమిటి అనలేదు. థర్మకోల్ అట్టను గోడకు ఆనించి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏదో అయిందని నువ్వు లోపలికి రాగానే తెలిసిందమ్మా. ఏమిటన్నది తెలియలేదు."

"మరి అడగలేదే?"

"అలవాటు లేదు. ఎక్స్‌రే తీయగానే విరిగిందో లేదో ముందు కనపడేది నాకే. రోగి అక్కడే బల్లమీద పడుకుని, ఏమైందండీ, ఏమైందండీ అంటాడు. నేను చెప్పకూడదు. 'డాక్టరు గారు చెబుతారు, మీరు బయట కూర్చోండి' అనాలి. పక్కటెముకలు మూడు విరిగిన మనిషికి చొక్కా గుండీలు పెట్టి బయటికి పంపేవాణ్ణి. రిటైరయ్యాను గాని, నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది."

వెలుతురు బల్ల అంచు దాకా జరిగింది.

"నొప్పిగా ఉందా?" అన్నారాయన, ఆసుపత్రిలో అడిగినట్టే.

"లేదు. అదే తెలియట్లేదు. ఏమీ లేదు."

"ఉండదులే. విరిగిన వెంటనే చాలామంది నడిచే వస్తారు."

ఆయన తన కుడిచేతిని ముందుకు చాపి, అరచెయ్యి కిందికి పెట్టి గాలిలో ఆపారు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆపుదామని ఆయన బిగబట్టినకొద్దీ ఎక్కువవుతోంది.

"లెన్సుకి ఏ రోగమూ లేదు," అన్నారు. "రోగం ఇక్కడుంది. గరిటె పట్టుకున్నా, పెన్ను పట్టుకున్నా ఇంతే. కెమెరా పట్టుకుంటే మరీను."

ఆమె ఆ చేతిని చూసింది. జాలి పుట్టాలి అనుకుంది. పుట్టలేదు. నోటికి అందిన మాటే అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఆర్నెల్లు."

"డాక్టరుకి చూపించారా?"

"మంగళవారం పదింటికి రమ్మన్నాడు. మీ పిన్నికి తెలియదు. తెలిస్తే ఊళ్ళో ఉన్న డాక్టర్లందరినీ ఇంటికి పిలుస్తుంది." చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఆమె మొహంలోకి చూసి, "నువ్వు అయ్యో అనలేదు," అన్నారు.

"రాలేదండీ. ఏమనుకోకండి."

"అనుకోవడమేమిటి, ప్రాణం హాయిగా ఉంది. మా తమ్ముడితో చెబితే ఫోనులోనే ఏడ్చాడు. వాణ్ణి ఓదార్చేసరికి నా చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది."

"మంగళవారం నేను వస్తాను," అంది గ్రాములమ్మ. దయతో అన్న మాట కాదది. మంగళవారం మధ్యాహ్నం దాకా ల్యాబ్ ఖాళీ అని గుర్తొచ్చింది, అంతే.

ఆయన తలూపి, లేచి, థర్మకోల్ పట్టుకున్నారు. "సరే, వెలుతురు పోకముందే కానీ. ఒక ముక్క కొయ్యి. లోపల ఎలా ఉందో చూపిద్దాం."

కత్తి దిగడానికి కాస్త మొరాయించింది. ముక్క పక్కకి తీసి పెడితే, లోపల ఒక్క గాలిబుడగ లేదు. తడిగా, దట్టంగా, సానరాయిలా నున్నగా ఉంది. బాబాయి గారు వంగి పరీక్షగా చూసి, "ఊపిరితిత్తుల్లో గాలి లేదు. మిగతావన్నీ నార్మల్," అన్నారు.

ఆమె ఊపిరి పీల్చి, బిగబట్టి, నొక్కి, వదిలింది. పాతిక దాకా తీసింది. కొన్నిట్లో ముక్క సగం తెగిపోయింది, కొన్నిట్లో బల్లే ఎక్కువుంది. పంతొమ్మిదో ఇరవయ్యోదో చూసి బాబాయి గారు, "అదీ!" అన్నారు. పక్కనుంచి పడుతున్న వెలుతురులో ముక్క అంచు మెరుస్తోంది. కోకో పొడిలో ఎవరిదో వేలిముద్ర పడింది. కేకు ఎలా ఉందో ఫొటోలో అలాగే ఉంది.

పిన్ని వచ్చి నిలబడి తింది. తింటూ మౌనంగా ఉంది. అది ఆ ఇంట్లో వింత.

"ఇది కేకు కాదు," అంది చివరికి. "ఏమిటో నాకు తెలియదు. ఇంకో ముక్క పెట్టు." తర్వాత ఉన్నట్టుండి నోరు తెరిచి విసురుకుంటూ, "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! కారం ఎంత వేశావే?"

"ఒక గ్రాము పిన్నీ."

"గ్రాముకే ఇలా ఉంటే!"

ఫొటో గ్రూపులో పెట్టారు. కింద గ్రాములమ్మే రాసింది: "వంటసోడా ఐదు గ్రాములు. వేయటం మర్చిపోయాను." పది నిమిషాల్లో జనం విరుచుకుపడ్డారు. ఒకాయన "ఇటుకల వ్యాపారం ఎప్పుడు పెట్టారు" అన్నాడు. ఒకావిడ "గ్రాములమ్మకే ఇలా జరిగితే మాబోటివాళ్ళ గతేమిటి" అని ఊరట చెందింది. ఒకామె మాత్రం, "ఫొటో ఈసారి వేరేగా ఉంది, ఎవరు తీశారు?" అని అడిగింది. బాబాయి గారు ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరమే కొట్టి, "మా అమ్మాయి" అని జవాబిచ్చారు. ఆ మాట చదివి గ్రాములమ్మ ఫోను బల్లమీద బోర్లించి, గిన్నెలు కడగడానికి వెళ్ళింది.

ఆరింటికల్లా అక్కవాళ్ళింటికి చేరింది. అక్క తలుపు తీసేసరికే కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చెల్లెలి వంతు కూడా కలిపి మధ్యాహ్నం నుంచీ ఏడుస్తున్నట్టుంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. కేకు తెచ్చాను."

"కేకేమిటే! రాయివా మనిషివా నువ్వు?" అని అక్క ఆమెను వాటేసుకుని మళ్ళీ ఏడ్చింది. గ్రాములమ్మ అక్క వీపు నిమురుతూ, ఏడుపు తగ్గేదాకా నిలబడింది. ఎంతసేపు నిమరాలో తెలియక, కాస్త ఎక్కువే నిమిరింది. బావ ఏం మాట్లాడాలో పాలుపోక డబ్బా మూత తీసి ఒక ముక్క తిన్నాడు. రెండోదీ తిన్నాడు. మూడోదానికి చెయ్యి పెడుతుంటే అక్క ఏడుపు మధ్యలోనే ఆపి, "నాకుంచండి," అంది.

శని, ఆది, సోమవారాలు గడిచాయి. ఆమె బడికి వెళ్ళింది, వచ్చింది. పదో తరగతి ప్రాక్టికల్స్‌కి బ్యూరెట్లు కడిగి బోర్లించింది. అడిగినవాళ్ళకు చెప్పింది. చెప్పాక వాళ్ళ మొహాలు మారుతుంటే చూసింది.

మంగళవారం, తను పనిచేసిన ఆసుపత్రి వరండాలోనే ఎక్స్‌రే బాబాయి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రోగులు కూర్చునే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. "ఈ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదమ్మా," అన్నారు. "ఇంత గట్టిగా ఉంటుందని తెలిస్తే, ఆ రోజుల్లో జనాన్ని ఇంతసేపు కూర్చోబెట్టేవాణ్ణి కాదు."

డాక్టరు ఆయన వయసులో సగం ఉంటాడు. చేతులు చాపమన్నాడు, ముక్కు ముట్టుకోమన్నాడు, గదిలో అటూ ఇటూ నడిపించాడు. ఒక కాగితమిచ్చి నత్తగుల్లలా సుడి గియ్యమన్నాడు. బాబాయి గారు పెదవి కొరుక్కుంటూ గీశారు. గీత మధ్యనుంచి మొదలై, గుండె పరీక్షలో వచ్చే కాగితంలా ఎగుడుదిగుళ్ళతో పోయి అంచు దాటింది. ఆయన ఆ కాగితాన్ని డాక్టరుకివ్వకుండా కాసేపు చూసుకున్నారు. చూసింది చెప్పకూడదని ఈసారి ఎవరూ అనలేదు. "బాగా వణికింది," అన్నారు.

"ప్రాణం మీదికి వచ్చేదేమీ కాదండి," అన్నాడు డాక్టరు. "మీరు భయపడే ఆ పెద్ద నరాల జబ్బు కాదు. చేతులతో పని చేసేటప్పుడే వచ్చే వణుకు. మాత్రలిస్తాను, తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను." తర్వాత గ్రాములమ్మ వైపు తిరిగి, "మీరు కూతురా? మాత్ర రోజూ వేసుకుంటున్నారో లేదో కాస్త చూడండి," అన్నాడు.

"చూస్తాను," అంది.

బయటికొచ్చాక రోడ్డు దాటుతుంటే ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. దాటాక కూడా వదల్లేదు. "మీ పిన్నికి నువ్వే చెప్పు," అన్నారాయన. "నేను చెబితే సగం మింగేస్తాను."

ఇంటికెళ్ళేసరికి పిన్ని గళ్ళనుడి ముందు కూర్చుని ఉంది. గ్రాములమ్మ చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. జబ్బు పేరు, మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్నిసార్లు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు, అన్నీ వరసగా చెప్పింది. పిన్ని పెన్సిలు దించకుండా విన్నది. మొగుడి వైపు చూసింది. ఆయన గుమ్మం దగ్గర, తప్పు చేసిన పిల్లాడిలా సంచి పట్టుకుని నిలబడ్డారు.

"నాలుగు నెలల నుంచి మీకు కాఫీ కప్పు సగమే పోస్తున్నాను," అంది పిన్ని. "ఎందుకనుకున్నారు? పాలు పొదుపు చేస్తున్నాననుకున్నారా?"

"రెండోసారి అడిగితే మళ్ళీ పోసేదానివి కదా," అన్నారు బాబాయి గారు.

"అదీ సగమే."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పాలగిన్నె పొయ్యిమీద పెట్టిన చప్పుడు, కొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించాయి. బాబాయి గారు సంచిని కుర్చీ మీద పెట్టి, ఆవిడ వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. ఇద్దరూ ఏదో గొడవపడుతున్నారు, గొంతులు తగ్గించి. మాత్రలు భోజనానికి ముందా తర్వాతా అన్నదాని మీద.

గ్రాములమ్మ ముందుగదిలో కూర్చుంది. మధ్యాహ్నం పీరియడుకి ఇంకా గంటుంది. పిన్ని వదిలేసిన పేపరు తీసి చూసింది. సగం గళ్ళు ఖాళీగా ఉన్నాయి. నాలుగైదు నింపింది. ఒకటి తప్పు అని తెలిసి కొట్టేసింది. కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. ఏమిటా అని కాసేపు ఆలోచించి, పోల్చుకుంది.

"పిన్నీ," అంది లేచి వంటింటి వైపు వెళ్తూ, "తినడానికేమైనా ఉందా? ఆకలేస్తోంది."